మూడు సెల్లుల టార్చి, వెలుగుల కత్తి
లేత్ పని: సందేహాలు – సమాధానాలు

పోయిన సంచికలో మోటారు షాఫ్టుల గురించి రాస్తూ, సినిమాల్లో చూసిన వస్తువులను ఇంట్లో లోహంతో చేసుకునే కుర్రకారు గురించి ఓ మాట అన్నాను. షాఫ్టుల గురించి ఒక్కరూ అడగలేదు. ఆ మాట మీద మాత్రం ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. ముప్పై ఏళ్ళు టూల్‌రూములో డైలు, జిగ్గులు చేసినవాణ్ణి. సినిమా సామాను అంటే నాకూ మొదట్లో చిన్నచూపే. మనవడు ఓ ఫొటో తెచ్చి "తాతా, ఇది చేసిపెట్టు" అన్నాక తెలిసింది, ఇది డై కంటే తేలికేమీ కాదని. డైకి డ్రాయింగు ఉంటుంది. దీనికి ఉండదు.

ప్రశ్న: 'స్టార్ వార్స్' మొదటి సినిమాలో ల్యూక్ చేతిలో ఉండే లైట్‌సేబర్ పిడిని అచ్చంగా అలాగే చేయాలని కోరిక. దొరికిన ఫొటోలన్నీ ప్రింటు తీసి స్కేలుతో కొలిచాను. ఒక్కో ఫొటోకి ఒక్కో సైజు వస్తోంది. ఏది నమ్మాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఏదీ నమ్మకండి. ముందు స్కేలు పక్కన పెట్టి, ఆ వస్తువు సినిమాలోకి రాకముందు ఏం పని చేసేదో కనుక్కోండి. సినిమా వాళ్ళు చాలా వస్తువులను మొదటినుంచీ తయారు చేయరు. ఎక్కడో దొరికిన సామానుకు నాలుగు ముక్కలు అతికించి కెమెరా ముందు పెడతారు. ఆ పాత సామాను కొలతలు తెలిస్తే సగం డ్రాయింగు చేతికొచ్చినట్టే.

మీరు అడిగిన పిడి కథ చాలామందికి తెలిసిందే. ఆ సినిమా 1977లో వచ్చింది. సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ లండన్‌లో ఒక ఫొటోగ్రఫీ దుకాణంలో వెతుకుతుంటే పాత కెమెరా ఫ్లాష్ పిడులు కంటపడ్డాయి. అవి అమెరికాలోని రోచెస్టర్ ఊళ్ళో ఉన్న గ్రాఫ్లెక్స్ కంపెనీవి. ఒకప్పుడు పత్రికా ఫొటోగ్రాఫర్లు పెద్ద కెమెరా పక్కన తగిలించుకునేవారు, పైన గిన్నెలాంటి రిఫ్లెక్టరు, కింద ఈ గొట్టం. క్రిస్టియన్ రిఫ్లెక్టరు పీకేసి, పిడి చుట్టూ టీ ఆకారపు నల్ల పట్టీలు జిగురుతో అంటించాడు. బిగింపు పట్టీ దగ్గర కాలిక్యులేటర్ అంకెలను పెద్దవిగా చూపించే బుడగల లెన్సు ముక్క పెట్టాడు. అంతే, వెలుగుల కత్తి తయారు. ఆ సినిమా సెట్టింగుల పనికి ఆస్కార్ అందుకున్నవాళ్ళలో ఆయనా ఒకడు.

ఇప్పుడు మనకు పనికొచ్చే సంగతి. ఆ ఫ్లాష్ పిడి లోపల మూడు డి సైజు సెల్లులు పట్టేవి. డి సైజు అంటే ఏమిటో అనుకోకండి. రాత్రిపూట చేలకు నీళ్ళు పెట్టడానికి మన నాన్నలు, తాతలు పట్టుకెళ్ళిన మూడు సెల్లుల టార్చిలైటు గుర్తుందా? ఆ లావుపాటి సెల్లే. ప్రపంచమంతా దాని సైజు ఒకటే: అడ్డం 34 మి.మీ. చిల్లర, పొడవు 61.5 మి.మీ. మూడూ వరసగా పెడితే 184 మి.మీ. దాటుతుంది. మీ డ్రాయింగులో గొట్టం లోపలి వ్యాసంలోంచి సెల్లు దూరకపోయినా, మూడు సెల్లులు పట్టేంత పొడవు లేకపోయినా మీ స్కేలు తప్పు. ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా సరే. కిరాణా కొట్టుకెళ్ళి ఒక సెల్లు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టుకోండి. మీ దగ్గరున్న కొలతల్లో నిజమైనది అదొక్కటే.

ఫొటోలు ఎందుకు మోసం చేస్తాయో కూడా చెబుతాను. 38 మి.మీ. గొట్టాన్ని బల్ల మీద పెట్టి, పక్కనే బల్ల మీద స్కేలు పెట్టి, అడుగు ఎత్తునుంచి ఫోనుతో ఫొటో తీశారనుకోండి. గొట్టం నడుము స్కేలు కంటే 19 మి.మీ. కెమెరాకు దగ్గరగా ఉంటుంది. 300 మి.మీ.లో 19 అంటే నూటికి ఆరు పైన. అంటే 38 ఉన్నది 40 దాటి కనిపిస్తుంది. అదే మూడు మీటర్ల దూరం వెళ్ళి జూమ్ చేసి తీస్తే తేడా నూటికి ఒక వంతు కూడా ఉండదు. అందుకని వేరేవాళ్ళ ఫొటో కొలిచేటప్పుడు దూరంనుంచి తీసింది ఎంచుకోండి. మీరే తీస్తుంటే స్కేలును గొట్టం నడుము ఎత్తుకు ఏ అగ్గిపెట్టె మీదో లేపి పెట్టండి.

ఇంకొకటి. "ల్యూక్ పిడి" అని ఒకటే లేదు. మొదటి సినిమాలో లెన్సుల పట్టీ ఉన్నచోట 1980లో వచ్చిన రెండో సినిమాలో సర్క్యూట్ బోర్డు ముక్క కనిపిస్తుంది. మీరు చూసిన ఫొటోల్లో రెండూ కలిసిపోయి ఉంటాయి, అందుకే లెక్క కుదరడం లేదు. ఏ సినిమాదో ముందు తేల్చుకోండి.

ఆ ముసలి గురువు ఓబీ వాన్ పిడి అయితే ఇంకా వేడుక. విమానపు జెట్ ఇంజను గొట్టం ముక్క, మొదటి ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ రైఫిల్ గ్రెనేడు ముక్క, మెషిన్‌గన్ ముక్కు దగ్గరి భాగం, ఇదే గ్రాఫ్లెక్స్ బిగింపు పట్టీ, చివర బాత్‌రూము కుళాయి తిప్పే పిడి. ఆ ఇంజను రోల్స్ రాయిస్ డెర్వెంట్, మీటియర్ యుద్ధ విమానాలకు వాడినది. ఆ కుళాయి పిడి ఆర్మిటేజ్ షాంక్స్ వాళ్ళది. ఏ ముక్క ఏమిటో పట్టుకోవడానికి అభిమానులకు ఏళ్ళు పట్టింది. గెలాక్సీని కాపాడిన ఆయుధానికి తోక కుళాయి పిడి అని తెలిసిన రోజు నాకు సినిమా వాళ్ళ మీద గౌరవం రెట్టింపయింది.

ప్రశ్న: పిడికి అంగుళంన్నర గొట్టం కావాలని హార్డ్‌వేర్ షాపులో అడిగితే ఇచ్చాడు. ఇంటికొచ్చి కొలిస్తే 48 మి.మీ. ఉంది. అంగుళంన్నర అంటే 38 కదా? షాపువాడు మోసం చేశాడా?
– చిరుద్యోగి, విజయవాడ

జవాబు: మోసం లేదు, మీరు అడగడంలో తేడా ఉంది. నీళ్ళ పైపుల లెక్కలో "అంగుళంన్నర" అనేది పేరు మాత్రమే, దాని బయటి వ్యాసం 48.3 మి.మీ. మెట్ల రెయిలింగులకు వాడే స్టీలు ట్యూబులో మాత్రం అంగుళంన్నర అంటే నిజంగా బయట 38.1 మి.మీ. ఈసారి "రెయిలింగ్ ట్యూబు, ఓడీ అంగుళంన్నర, 16 గేజి" అనండి. మందం సుమారు 1.6 మి.మీ. వస్తుంది, లోపల 34.9 దాకా మిగులుతుంది. పైన చెప్పిన సెల్లు చక్కగా దూరుతుంది. షాపుకి వెళ్ళేటప్పుడు వెర్నియర్ జేబులో పెట్టుకెళ్ళండి. నేను పెళ్ళికి వెళ్ళినా పెట్టుకెళతాను, మా ఆవిడ తిడుతుంది.

ప్రశ్న: మాస్టారూ, మాది అపార్టుమెంటు. లేత్ పెట్టుకునే వీలు లేదు. హ్యాండ్ డ్రిల్లు, చిన్న బెంచి వైసు, ఆకురాళ్ళు ఉన్నాయి. లోహంతో కచ్చితమైన ముక్కలు చేయడం నాలాంటివాళ్ళకు కుదురుతుందా? పిడి మీద ఆరు పట్టీలు సమాన దూరంలో, వంకర లేకుండా అంటించడం కూడా రావడం లేదు.
– గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, కుదురుతుంది. లేత్ ఉన్నవాళ్ళకంటే ఓపికగా చేస్తారు కూడా.

ముందు పట్టీల సంగతి. గొట్టం చుట్టూ కాగితం చుట్టి, కాగితం ఒకదాని మీదకు ఒకటి ఎక్కినచోట సూదితో గుచ్చండి. విప్పి చూస్తే రెండు రంధ్రాల మధ్య దూరమే చుట్టుకొలత. కాగితాన్ని ఆ రంధ్రాల దగ్గర కత్తిరించి, మూడు మడతలు పెట్టి, మళ్ళీ సగానికి మడిస్తే ఆరు భాగాలు. లెక్క వేయక్కర్లేదు, మడతే లెక్క. 38.1 గొట్టానికైతే ఒక్కో భాగం 19.95 మి.మీ. రావాలి, సరిచూసుకోండి. మళ్ళీ చుట్టి, మడతల దగ్గర గుర్తులు పెట్టండి.

ఇక పొడవునా వంకర లేని గీత. గుండ్రటి గొట్టం మీద స్కేలు ఆనించి గీస్తే జారుతుంది, అందరికీ జారుతుంది. ఒక చిన్న ఎల్ యాంగిల్ ముక్క, అల్యూమినియందైనా సరే, గొట్టం మీద బోర్లించండి. రెండు రెక్కలూ గొట్టాన్ని తాకి కూర్చుంటాయి. అప్పుడు దాని అంచు గొట్టం పొడవుకు సరిగ్గా సమాంతరంగా ఉంటుంది. ఆ అంచు వెంట మార్కరుతో గీయండి. నూరుసార్లు గీసినా ఒకేలా వస్తుంది. ఈ కిటుకు నాకు నేర్పిన ఫోర్‌మన్ దీనికోసం నాచేత ఆరు నెలలు టీలు తెప్పించుకున్నాడు.

అంటించే ముందు ఆ చోటును ఎమరీ కాగితంతో గరుకు చేసి, ఎసిటోనుతో తుడవండి. అల్యూమినియం మీద కంటికి కనపడని ఆక్సైడు పొర ఉంటుంది. దాని మీద అంటిస్తే మీరు అంటించింది పొరకే, లోహానికి కాదు. రెండు ట్యూబుల ఎపాక్సీ వాడండి.

అల్యూమినియం రాకేటప్పుడు ఆకురాయి పళ్ళ మధ్య రజను ఇరుక్కుని గీతలు పెడుతుంది. ముందే ఆకురాయికి బడి సుద్దముక్క రుద్దండి, ఇరుక్కోదు. రంపం బ్లేడు పళ్ళు ఎప్పుడూ కనీసం మూడైనా లోహం మీద ఉండాలి. పలచటి గొట్టానికి అంగుళానికి 32 పళ్ళ బ్లేడు కొనండి.

నిజంగా తిరిగే మిషను మీదే చేయాల్సిన ముక్క ఒకటో రెండో ఉంటాయి. వాటిని టర్నరుకు ఇచ్చేయండి. మీ ఊరి ఆటోనగర్‌లో లేత్ షాపులు వరసగా ఉంటాయి. అయితే ఫొటో చూపించి "ఇలా చేయండి" అనొద్దు. చేత్తో గీసిన బొమ్మ చాలు, కానీ కొలతలు రాయాలి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ప్రతి కొలత పక్కనా "0.01 లోపల రావాలి" అని రాసిస్తారు. టర్నరు అది చూసి రెండింట్లో ఒకటి చేస్తాడు: రేటు మూడింతలు చెబుతాడు, లేదా ఏదీ పట్టించుకోడు. మీరు చేయాల్సింది ఏమిటంటే, ఇంకో ముక్కలో దూరే కొలత ఒక్కదానికే చుట్టూ సున్నా చుట్టి "ఇది ఇంతే రావాలి" అని రాయండి. మిగతావాటికి "పావు మి.మీ. అటూ ఇటైనా పరవాలేదు" అనండి. కంటికి పావు మి.మీ. తెలియదు. దూరే ముక్కకు మాత్రం ఆ పావు తేడా వస్తే లొడలొడలాడుతుంది. వీలైతే జోడీ ముక్కను చేతిలో పట్టుకెళ్ళి అక్కడే దూర్చి చూపించమనండి. 35 బోరులో 34.95 ముక్క చేత్తో జారి కూర్చుంటుంది, ఊపితే ఊగదు.

ప్రశ్న: చిన్న లేత్ కొన్నాను. పలచటి అల్యూమినియం గొట్టం లోపల బోరు చేసి చక్‌లోంచి తీస్తే గుండ్రంగా లేదు. చక్‌లో ఉన్నప్పుడు డయల్ గేజి సున్నా చూపించింది. గేజి చెడిపోయిందా?
– ఐటీఐ విద్యార్థి, నెల్లూరు

జవాబు: గేజి బాగుంది, చక్ కూడా బాగుంది. బిగించింది మీరు.

ఈ తప్పు చేసి నేను మొదటి ఉద్యోగంలో సగం జీతం పోగొట్టుకున్నాను. ఇత్తడి బుష్షులు, గోడ మందం రెండు మి.మీ. మూడు దవడల చక్‌లో, కుర్రతనపు బలంతో, కీ రెండు చేతులా పట్టి బిగించాను. బోరు అద్దంలా వచ్చింది. గేజి ముల్లు కదల్లేదు. గర్వంగా దవడలు విప్పాను. బుష్షు నాకు తెలియకుండానే నిట్టూర్చినట్టు సాగి, లోపల మూడు మూలలు తేలింది. దవడలు నొక్కినప్పుడు గొట్టం మూడుచోట్ల లోపలికి వంగి ఉంటుంది. ఆ వంగిన రూపంలోనే మనం గుండ్రంగా కోస్తాం. విప్పగానే గొట్టం తన పాత రూపానికి పోతుంది, మనం కోసిన గుండ్రం పాడవుతుంది. నలభై బుష్షులు అలా చేసి పెట్టాక గానీ సూపర్‌వైజరు చూడలేదు.

మందు తేలికే. గొట్టం బయట సరిగ్గా పట్టే రింగు ఒకటి చేసి, దానికి ఒకచోట రంపంతో చీలిక పెట్టండి. ఆ రింగును గొట్టానికి తొడిగి, రింగు మీద దవడలు బిగించండి. నొక్కుడు మూడు చోట్ల కాక చుట్టూ పరుచుకుంటుంది. బయట టర్నింగు చేసేటప్పుడైతే లోపల కర్ర బిరడా దిగ్గొట్టండి. ఆఖరి కట్ ముందు చక్‌ను కొంచెం వదులు చేసి, మళ్ళీ మెత్తగా బిగించి, సన్నని కోత ఒక్కటి తీయండి.

ఐటీఐలో చెప్పే ఉంటారు, అయినా మళ్ళీ చెబుతాను. లేత్ దగ్గర చేతికి గ్లౌజులు, ఉంగరం, దారం ఉండకూడదు. చక్ కీ చక్‌లో వదిలి చెయ్యి తీయకూడదు. ఇంట్లో లుంగీతో లేత్ దగ్గరకు రాకూడదు, ఇది మాత్రం నా మాట.

ప్రశ్న: అల్యూమినియం టర్నింగు చేస్తే పైన చిరిగినట్టు గరుకుగా వస్తోంది, టూల్ మొన మీద లోహం అంటుకుపోతోంది.
– పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు కొన్న కడ్డీ మెత్తటి రకం అయ్యుంటుంది. తలుపులు, కిటికీల సెక్షన్లకు వాడే హెచ్‌ఈ 9 టర్నింగుకు జిగురుగా వస్తుంది. హెచ్‌ఈ 30 అడగండి, శుభ్రంగా తెగుతుంది. వేగం కూడా చూసుకోండి. హైస్పీడ్ స్టీలు టూల్‌తో అల్యూమినియానికి నిమిషానికి 60 మీటర్లు తీసుకుంటే, 38 మి.మీ. కడ్డీకి 500 చుట్లు వస్తాయి. అదే ఇనుముకైతే 25 మీటర్లే, అంటే 200 చుట్లు. మీరు ఇనుము వేగంలో అల్యూమినియం కోస్తున్నారని నా అనుమానం. కిరోసిను బ్రష్‌తో రాస్తూ కోయండి, మొనకు లోహం అంటదు. నిప్పురవ్వలు వచ్చే పని దగ్గర మాత్రం ఆ కిరోసిను గిన్నె ఉండనివ్వకండి. టూల్ మొనను నూనెరాయి మీద సాన పట్టి, గోరుమీద పెడితే జారకుండా నిలిచేంత పదును చేయండి. అల్యూమినియాన్ని గ్రైండరు చక్రం మీద మాత్రం ఎప్పుడూ పట్టకండి. రాయి సందులు మూసుకుపోయి, వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నర్లింగ్ చేస్తే గళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి నుజ్జునుజ్జు అవుతున్నాయి.
– వెల్డింగ్ షాపు యజమాని, కరీంనగర్

జవాబు: కడ్డీ ఒక చుట్టు తిరిగి, మొదలుపెట్టిన చోటు మళ్ళీ నర్లింగ్ చక్రం కిందికి వచ్చినప్పుడు పన్ను సరిగ్గా మొదటి గాడిలోనే పడాలి. అంటే కడ్డీ చుట్టుకొలతలో పళ్ళ దూరం పూర్తి సంఖ్యలో పట్టాలి. పళ్ళ దూరం 1 మి.మీ. అనుకుందాం. 30 మి.మీ. కడ్డీ చుట్టుకొలత 94.25. ఆ పావు పన్నే మిమ్మల్ని చంపుతోంది. కడ్డీని 29.92కు తగ్గించండి, చుట్టుకొలత సరిగ్గా 94 అవుతుంది. పళ్ళ దూరం తెలియకపోతే చక్రాన్ని కార్బన్ కాగితం మీద దొర్లించి ఇరవై గుర్తులు కొలిచి భాగించండి. మొదలుపెట్టేటప్పుడు భయపడకుండా గట్టిగా నొక్కండి. మెల్లగా తాకిస్తే చక్రం రెండు వరసలు మొదలుపెడుతుంది, తర్వాత ఎంత నొక్కినా సర్దుకోదు.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. పిడికి ఇక్కడ కొన్న పాత విడిభాగం ఉంది. దానికి తగిలే ముక్కను హైదరాబాద్‌లో మా బావమరిది చేయించి పంపాడు. స్క్రూ రంధ్రంలో పడుతుంది కానీ బిగుసుకోదు. మా ఇద్దరికీ మాటలు లేవు.
– ప్రవాసాంధ్రుడు

జవాబు: బావమరిది తప్పేమీ లేదు, ఫోను చేయండి. అమెరికా పాత విడిభాగాల్లో ఎక్కువగా కనిపించేది పావు అంగుళం, అంగుళానికి 20 చుట్ల స్క్రూ. కెమెరా స్టాండు మీద ఉండేది అదే. దాని వ్యాసం 6.35 మి.మీ., చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.27. మన దగ్గర టర్నరు "ఆరు మి.మీ. కాబోలు" అనుకుని ఎం6 పెట్టి ఉంటాడు. వ్యాసం 6, చుట్ల దూరం 1. పావు అంగుళం రంధ్రంలో అది దూరి అల్లల్లాడుతుంది.

ఇంకో మెలిక ఉంది. మన హార్డ్‌వేర్ షాపుల్లో ఇంకా దొరికే పాత బ్రిటిష్ పద్ధతి, విట్‌వర్త్ బోల్టుల్లో పావు అంగుళం సైజుకు కూడా అంగుళానికి 20 చుట్లే. కానీ గాడి కోణం 55 డిగ్రీలు, అమెరికా వాళ్ళది 60. చిన్న స్క్రూల్లో నడిచిపోతుంది. అర అంగుళం దగ్గర మాత్రం అసలు కుదరదు. బ్రిటిష్‌వాళ్ళవి 12 చుట్లు, అమెరికావాళ్ళవి 13. ఓబీ వాన్ పిడిలో బ్రిటిష్, అమెరికన్ ముక్కలు కలిసే ఉన్నాయి కాబట్టి ఆ పని చేసేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. ఇక్కడి టర్నరుకు కొలత రాసి పంపకండి, ఆ స్క్రూనే ఒకటి పోస్టులో పంపండి. పిచ్ గేజి పెట్టి అతనే చూసుకుంటాడు.

ప్రశ్న: ఇత్తడితో పిడి పూర్తయింది. ఇంట్లోనే క్రోమ్ పూత వేసుకునే రసాయనాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కొనమంటారా?
– పాఠకుడు, తిరుపతి

జవాబు: వద్దు. క్రోమ్ పూత తొట్టెలో వాడే క్రోమిక్ యాసిడ్‌లో ఉండే హెక్సావలెంట్ క్రోమియం క్యాన్సరు తెచ్చేది. బాల్కనీలో చేసే పని కాదు. ప్లేటింగ్ షాపుకు ఇవ్వండి. అక్కడ ముందు నికెలు, దాని మీద పలచగా క్రోమ్ వేస్తారు. పూత గీతలను దాచదు, ఎత్తి చూపిస్తుంది. అందుకని ఇచ్చే ముందు ఎమరీ 400, 800, 1200 వరసగా పట్టి, బఫ్ చేసి ఇవ్వండి. రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరే చోట పూత మందం కూడా కలుస్తుందని మర్చిపోకండి. నికెలు 15 మైక్రాన్లు వేస్తే వ్యాసం 30 మైక్రాన్లు పెరుగుతుంది. ముందు జారి కూర్చున్న ముక్క తర్వాత సుత్తి అడుగుతుంది. ఆ చోట టేపు చుట్టి, పూత వేయొద్దని చెప్పండి.

మీరు ఇత్తడి ఎంచుకోవడం మంచి పనే. అసలు గ్రాఫ్లెక్స్ గొట్టం కూడా పూత వేసిన ఇత్తడే. చేతిలో బరువు కూడా సరిగ్గా ఉంటుంది. అల్యూమినియం బరువు ఇత్తడిలో మూడో వంతే.

ప్రశ్న: అదే సినిమాలో హాన్ సోలో తుపాకీ చేస్తున్నాను. అది మౌజర్ సీ96 పిస్తోలు మీద కట్టినదట. అచ్చంగా రావాలని బారెల్ ఆసాంతం బోరు చేసి, లోపలి భాగాలు కూడా కదిలేలా చేయాలని ఉంది. కొలతలు చెప్పగలరా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: చెప్పను. బయటి రూపం ఎంత కచ్చితంగా కావాలన్నా సాయం చేస్తాను. ముక్కు దగ్గర 10 మి.మీ. లోతు గుంట తవ్వండి, నల్ల రంగు పూయండి, చూసేవాడికి గొట్టంలాగే ఉంటుంది. మిగతాది ఘనమైన కడ్డీగానే ఉండనివ్వండి. ఆసాంతం బోరు, కదిలే లోపలి భాగాలు అంటే అది నకలు కాదు, ఆయుధాల చట్టం కిందికి వచ్చే వస్తువు. పోలీసులు దాన్ని సినిమా సామానుగా చూడరు. ఘనంగా చేసినదాన్ని కూడా చేతిలో పట్టుకుని రోడ్డెక్కకండి, విమానంలో చేతిసంచిలో పెట్టకండి.

ప్రశ్న: 'బాహుబలి'లో రాజుల కత్తి పిడిలాంటిది ఇత్తడిలో చేయాలి. ఆ నగిషీ లేత్ మీద రాదు కదా?
– కళాశాల నాటక బృందం, హన్మకొండ

జవాబు: రాదు, లేత్‌కు గుండ్రమే తెలుసు. మీకు దగ్గర్లోనే జనగామ జిల్లాలో పెంబర్తి ఉంది. ఇత్తడి రేకును వెనకనుంచి కొట్టి బొమ్మ తేల్చే పనికి ఆ ఊరికి పేరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గుడి తలుపులకు, రథాలకు తొడుగులు చేసిన చేతులవి. మీరు పిడి లోపలి ఆకారం కర్రతో చేసి తీసుకెళ్ళండి, వాళ్ళు దాని మీద రేకు తొడుగు తీస్తారు. మీరే ప్రయత్నిస్తే, రేకు గట్టిపడినప్పుడల్లా మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చండి, మళ్ళీ మెత్తబడుతుంది. ఇది చేయకుండా కొడుతూ పోతే చీలుతుంది.

కత్తి మాత్రం అల్యూమినియం పట్టీతో, అంచు మొద్దుగా చేయండి. తొమ్మిది అంగుళాలు దాటిన పదునైన కత్తికి లైసెన్సు గొడవ ఉంది. స్టేజీ మీద పదును ఎవరికీ కనపడదు, ఎదుటి నటుడికి తప్ప.

ఇక ఉత్తరాలు రాసేవాళ్ళందరికీ ఒక మనవి. ఫొటో పంపేటప్పుడు పక్కన కొలత తెలిసిన వస్తువు ఏదైనా పెట్టండి. చాలామంది రూపాయి బిళ్ళ పెడుతున్నారు. పాత రూపాయి బిళ్ళ 25 మి.మీ., 2011లో వచ్చింది 22 మి.మీ. ఏదో తేల్చుకోలేక పోయిన నెల రెండు ఉత్తరాలు పక్కన పెట్టేశాను. కొందరు ఏటీఎం కార్డు పెట్టారు, మీ నంబరు నాకెందుకు? టార్చి సెల్లు ఒకటి నిలబెట్టి, మూడు మీటర్ల దూరంనుంచి తీసి పంపండి.